వేలిముద్రకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

నడుము నొప్పియనియో, తెల్లబట్టయనియో పట్టణమునకు పోయిన స్త్రీ నాలుగు దినములకు గర్భసంచి తీయించుకొని ఇంటికి వచ్చుట మన పల్లెలలో ఎవరికిని వింతగా తోచని సంగతియైపోయినది. ఇరుగు పొరుగువారు వచ్చి పరామర్శింతురు. ఎంత ఖర్చయినదని అడుగుదురు. ఏ దవాఖానయని అడుగుదురు. ఎందులకు తీసిరి అని మాత్రము అడుగువారు అరుదు. ఆమెను అడిగినను చెప్పలేదు. "సంచి చెడిపోయినదన్నరు" అనుటకు మించి ఆమెకు తెలిసినది లేదు. చేతిలో ఒక కాగితమైనను ఉండదు.

ఇది ఒక ఊరి మాట కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి ముగ్గురికి కొంచెము పైగా ఉండగా, తెలంగాణమున నూటికి ఎనమండుగురిని మించిరి. ఆంధ్రప్రదేశమున ఈ సంఖ్య ఇంకను ఎక్కువ. ఈ రెండు తెలుగు రాష్ట్రములే ఈ విషయమున దేశములో ముందున్నవి. దేశము మొత్తముమీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. తెలుగు స్త్రీల గర్భసంచులు మాత్రమే ఇంత విరివిగా చెడిపోవుటకు ప్రకృతిలో కారణమేదియు లేదు. కారణము వేరుచోట వెదకవలసి యున్నది.

వేల్పూర్ మండలమున గాని, ఆర్మూరు, బోధను ప్రాంతములందు గాని సంసారము ఎట్లు నడచునో పంచాయతీ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. పసుపు త్రవ్వకము, ఉడుకబెట్టుట, ఆరబోయుట, ఇవన్నియు స్త్రీల చేతులమీదుగానే సాగును. పొలము పని లేని దినములలో చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుదురు. మగవారు ఎందరో గల్ఫు దేశములలో ఉన్నారు. ఇట్టి ఇంటిలో స్త్రీకి ఆపరేషన్ అయిన, పసుపు అమ్మిన సొమ్ము ఒక్కసారి పోవుటయే గాక, సుమారు ఆరు వారములు బరువు లేపరాదు గనుక కూలి కూడ పోవును. అవసరమైన ఆపరేషనుకు ఈ నష్టమును ఓర్చుకొనక తప్పదు. అవసరము లేని దానికి ఏల ఓర్చుకొనవలెను?

గర్భసంచిని తీయవలసిన జబ్బులు లేకపోలేదు. క్యాన్సరు సోకినపుడును, మందులకు లొంగని రక్తస్రావము వలన ప్రాణమునకే ముప్పు వచ్చినపుడును, పెద్ద గడ్డలు పెరిగి బాధించునపుడును, సంచి క్రిందికి జారి వెలుపలికి వచ్చినపుడును వైద్యుడు ఆపరేషన్ చెప్పుట న్యాయమే. అట్టివారు వెరచి ఆలస్యము చేయరాదు. ముట్టు నిలిచిపోయిన తరువాత రక్తము కనబడినను, దాంపత్యానంతరము రక్తము కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట విడువకున్నను వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. కాని సాధారణముగ తెల్లబట్టకు కారణము సూక్ష్మజీవుల వలన కలుగు వాపు. అది బిళ్ళలతో నయమగును. కొంత తెల్లబట్ట ఆరోగ్యవతియైన స్త్రీకి కూడ ఉండును. అది జబ్బే కాదు. అధిక రక్తస్రావమునకు సయితము మొదట మందులు వాడి చూచుట, గర్భసంచిలో మందు గల చిన్న సాధనమును అమర్చుట వంటి మార్గములు కలవు. కత్తి చివరి మాట కావలెను గాని మొదటి మాట కారాదు.

"పిల్లలు పుట్టిరి గదా, ఇక ఆ సంచితో పనియేమి? ఉంచుకొన్న క్యాన్సరు వచ్చును" అను మాట పల్లెలలో బహుళముగ వినబడుచున్నది. ఈ ఒక్క మాట ఎన్ని ఆపరేషన్లకు కారణమైనదో లెక్కింప శక్యము కాదు. గర్భసంచి ముఖద్వారమునకు క్యాన్సరు వచ్చునేమోయను అనుమానమును తీర్చుకొనుటకు సులభమైన పరీక్ష ఉన్నది. 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమములోనే చేర్చబడినది. పరీక్ష చేయకుండ క్యాన్సరని బెదరించుట వైద్యము కాదు. ఇంకొక సంగతి. గర్భసంచికి ఇరుప్రక్కల నుండు అండాశయములను కూడ దానితోపాటు తీసివేసినచో, ముప్పది, ముప్పదియైదు ఏండ్ల స్త్రీ ఒక్క దినమున ఏబది ఏండ్ల స్త్రీ దశకు వచ్చును. ఒంటిలో ఆవిరులు, నిద్రలేమి, ఎముకల బలహీనత మొదలగునవి కలుగును; గుండెజబ్బు ప్రమాదము కూడ పెరుగును. ఆపరేషన్ అయిన కొన్ని ఏండ్లకు నడుము నొప్పియని, కీళ్ళ నొప్పియని మరల దవాఖానల చుట్టు తిరుగు స్త్రీలలో తమ అండాశయములు ఉన్నవో పోయినవో ఎరుగనివారు అనేకులు. అడిగినచో ఆనాడే తెలిసియుండెడిది.

ప్రభుత్వమువారు ఈ విషయమును గమనింపకపోలేదు. ఉమ్మడి రాష్ట్రమున 2007 లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన తరువాత, పథకము సొమ్ముతో గర్భసంచి ఆపరేషన్లు విపరీతముగ జరుగుచున్నవని విమర్శలు వచ్చినవి. కొన్ని ఏండ్లకే ఆ ఆపరేషనును పథకము క్రింద ప్రభుత్వాసుపత్రులకు మాత్రమే పరిమితము చేసిరి. బీహారు, ఛత్తీసుగఢు, రాజస్థానములలో జరిగిన ఇట్టి ఆపరేషన్లపై సుప్రీంకోర్టులో ఒక వ్యాజ్యము నడచినది. కేంద్ర ప్రభుత్వము 2022 లో మార్గదర్శక సూత్రములను వెలువరించగా, వాటిని మూడు నెలలలో అమలుపరుపవలెనని 2023 ఏప్రిల్ 5 న సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. 40 ఏండ్లలోపు స్త్రీలకు జరిగిన ప్రతి గర్భసంచి ఆపరేషనును పరిశీలింపవలెననుట, జిల్లాకొక పర్యవేక్షక సంఘము ఉండవలెననుట అందలి ముఖ్యాంశములు. తమ జిల్లాలో ఆ సంఘము ఎన్నిసార్లు సమావేశమైనదో, ఎన్ని ఆపరేషన్లను పరిశీలించినదో జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారిని వ్రాతమూలకముగ అడుగు హక్కు పంచాయతీకి కలదు. సమాచార హక్కు చట్టము 2005 నుండి అమలులో నున్నది గదా!

సమ్మతి యనగా నేమి?

ఆపరేషనుకు ముందు ఒక కాగితముపై సంతకము గాని వేలిముద్ర గాని తీసికొందురు. అది ఆసుపత్రివారికి రక్షణ కాగితమని జనులు తలచుచున్నారు. "ఏమైనను మాది బాధ్యత కాదని వ్రాయించుకొన్నరు" అని చెప్పుకొందురు. అది సరికాదు. వేలిముద్ర వేసినంత మాత్రమున వైద్యుని అజాగ్రత్త మాఫీ కాదు. ఆ కాగితము ముఖ్యముగ రోగి హక్కును తెలుపు పత్రము.

ఈ సంగతిని సుప్రీంకోర్టు 2008 జనవరి 16 న ఒక తీర్పులో విశదీకరించినది. ఢిల్లీలో 1995 లో ఒక స్త్రీ, వయస్సు 44, పరీక్షార్థము చిన్న ఆపరేషనుకు సమ్మతించి ఆసుపత్రిలో చేరినది. ఆమె మత్తులో నుండగా, బయట కూర్చున్న తల్లి చేత సంతకము చేయించుకొని, గర్భసంచిని అండాశయములతో సహా తొలగించిరి. వైద్యురాలు ద్వేషముతో చేసినది కాదు. జబ్బును బట్టి అది తగిన చికిత్సయే కావచ్చునని కోర్టు కూడ అంగీకరించినది. అయినను, తెలివిగల పెద్దవయస్సు స్త్రీ శరీరము విషయమున ఆమెనే అడుగవలెను గాని తల్లిని అడిగిన చాలదని, ప్రాణాపాయము తరుముకొని వచ్చినప్పుడు తప్ప మత్తు దిగువరకు వేచియుండవలసినదని తీర్పు చెప్పినది. ఫీజు రాబట్టుకొను హక్కు వైద్యురాలికి లేదని చెప్పి, 25,000 రూపాయల పరిహారము ఇప్పించినది. మొత్తము చిన్నదే. కాని అందులోని సూత్రము పెద్దది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదు. ఒక చికిత్సకు ఇచ్చినది మరియొక చికిత్సకు చెల్లదు.

మన పల్లెలలో ఈ తీర్పును ప్రత్యేకముగ జ్ఞాపకముంచుకొనవలసిన కారణమున్నది. ఇచ్చట భార్యకు బదులు భర్తయు, అతడు దుబాయిలో ఉన్నచో మామయో మరిదియో సంతకము పెట్టుచున్నారు. ఆమె పక్కనే కూర్చుండి యుండును. ఆమెను ఎవరును అడుగరు.

ఆ తీర్పులోనే వైద్యుడు రోగికి ఏయే సంగతులు చెప్పవలెనో కోర్టువారు వివరించిరి. చికిత్స ఎట్టిది, ఎట్లు చేయుదురు, దాని ప్రయోజనమేమి, దానికి బదులు వేరు చికిత్స కలదా, అందలి ముఖ్యమైన అపాయములేవి, చేయించుకొననిచో ఏమగును. ఇవి న్యాయస్థానపు మాటలు. పల్లె స్త్రీ నోట ఇవియే మాటలు ఇట్లు వచ్చును: "సారూ, నా జబ్బు పేరేంది? ఏ పరీక్షల తెలిసింది? గోలీలతోని తక్కువ గాదా? ఓ రెండు నెలలు ఆగితే ఏమైతది? సంచి ఒక్కటే తీస్తరా, పక్కవి గూడ తీస్తరా? కాగితం రాసియ్యుండ్రి, ఇంకో డాక్టరుకు చూపిచ్చుకొని వస్త." మర్యాదగా అడిగిన ఈ ప్రశ్నలకు మంచి వైద్యుడు సంతోషించును. జబ్బును అర్థము చేసికొన్న రోగి మందులను సరిగా వాడునని ఆయన ఎరుగును. ఈ మాటలకు కోపగించుకొను వైద్యుని వద్ద నుండి లేచి వచ్చుటయే మేలు. ఊపిరి ఆడని స్థితిలోనో, నెత్తురు ఆగని స్థితిలోనో వచ్చిన రోగి సంగతి వేరు; అచ్చట ప్రశ్నలతో కాలము గడపరాదు. గర్భసంచి ఆపరేషన్లలో అధిక భాగము అట్టి తొందరవి కావు. "ఇప్పుడే చేరవలెను, రేపటికి ఆలస్యమగును" అన్నచో, ఎందులకని తప్పక అడుగవలెను.

మరియొక వైద్యుని అభిప్రాయము పొందు హక్కు రోగికి కలదని జాతీయ మానవ హక్కుల సంఘము 2018 లో రూపొందించిన రోగుల హక్కుల పత్రము పేర్కొన్నది. దానిని అమలుపరుపుడని 2019 లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రములను కోరినది. వేల్పూరు వారికి ఆర్మూరు ప్రభుత్వాసుపత్రి యున్నది. నిజామాబాదులో వైద్య కళాశాలకు చేరిన పెద్దాసుపత్రి యున్నది. ప్రైవేటు వైద్యుడు ఆపరేషన్ చెప్పినపుడు, కత్తి పడక పూర్వము ఒక ఉదయము ఆ పెద్దాసుపత్రి స్త్రీల విభాగములో చూపించుకొనుటకు బస్సు చార్జీ తప్ప ఖర్చులేదు.

ప్రసవముల సంగతి కూడ ఒక మాట. పైన చెప్పిన సర్వేయందే తెలంగాణములో నూటికి 60 కాన్పులు కడుపు కోసి చేసినవని తేలినది. దేశపు సగటు 21. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుండి 15 వరకు ఉండుట సబబని చిరకాలము చెప్పినది. ఇందులో దోషము వైద్యులదే యనుట న్యాయము కాదు. ముహూర్తము చూచుకొని వచ్చి ఆపరేషన్ చేయుమని పట్టుబట్టు కుటుంబములును తక్కువ కాదు.

నడుమ నున్నవాడు

పల్లె రోగి పట్టణపు దవాఖానకు తనంతట తాను పోవుట తక్కువ. ఊరిలో సూదులు వేయువాడు, జనులు ఆర్‌.ఎం.పి. డాక్టరని పిలుచు మనుష్యుడు, వెంటబెట్టుకొని పోవును. అర్ధరాత్రి పిలిచినను వచ్చును, అప్పు పెట్టును, ఇంటివాని వలె మాట్లాడును. అతని ఉపకారమును కాదనలేము. కాని ఏ దవాఖానకు పోవలెనో నిర్ణయించుటలో అతనికి ముట్టు కమీషను పాత్ర ఎంతయో రోగి ఎరుగడు. ఆ కమీషను బిల్లులో చేరును, లేదా అవసరము లేని పరీక్షగా చేరును. రోగిని పంపినందుకు గాని, తెచ్చినందుకు గాని సొమ్ము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు వైద్యులకు నిషిద్ధమని 2002 నాటి వైద్య మండలి నియమావళి స్పష్టముగ చెప్పుచున్నది. అర్హత లేక వైద్యము చేయువారికి 2019 నాటి జాతీయ వైద్య కమీషను చట్టము ఒక సంవత్సరము వరకు ఖైదుగాని, 5 లక్షల రూపాయల వరకు జుల్మానాగాని, రెండునుగాని విధించుచున్నది. చట్టమిట్లున్నను పల్లెలలో అతడే దిక్కుగా నుండుటకు కారణము ప్రభుత్వ వైద్యుడు వేళకు దొరకకపోవుట. కావున పంచాయతీ సభ్యులు సూదుల వానిని ప్రశ్నించుటతో బాటు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వేళకు తెరచుచున్నదా లేదాయని కూడ ప్రశ్నింపవలెను. రెండవది చేయక మొదటిది చేసిన గ్రామస్థులు వినరు.

కాగితములే సాక్ష్యము

హైదరాబాదులో మలేరియా విభాగమున పనిచేయు ఒక ఉద్యోగి భార్యకు 2002 జూలైలో చలిజ్వరము వచ్చినది. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చగా టైఫాయిడని మందులిచ్చిరి. పరిస్థితి విషమించి వేరొక పెద్ద ఆసుపత్రికి మార్చినపుడు ఆమె నాడి అందని స్థితిలో నుండెను, ఆమె మరణించినది. జ్వరము మలేరియా యని రెండవ ఆసుపత్రి కాగితములలో తేలినది. భర్త జిల్లా వినియోగదారుల ఫోరమునకు పోగా, 2 లక్షల రూపాయల పరిహారమును, కట్టిన 10,000 రూపాయలను ఇప్పించిరి. పైఫోరములు నిపుణుని సాక్ష్యము లేదని ఆ తీర్పును త్రోసివేసినవి. తుదకు 2010 మార్చి 8 న సుప్రీంకోర్టు జిల్లా ఫోరము తీర్పునే నిలబెట్టినది. కాగితములను చూచినంతనే తప్పు తెలియుచున్నప్పుడు ప్రతి వ్యాజ్యమునందును వేరొక వైద్యుడు వచ్చి సాక్ష్యమీయవలెనను నిర్బంధము లేదని కోర్టు అభిప్రాయము. వైద్యునిపై వైద్యుడు సాక్ష్యము చెప్పుట ఎంత అరుదో తెలిసినవారికి ఈ మాట విలువ తెలియును.

ఆ ఉద్యోగి గెలుచుటకు కాగితములే ఆధారమైనవి. మన రోగులు పోగొట్టుకొనుచున్నవి కాగితములే. వైద్యుడు ఆసుపత్రిలో నుంచిన రోగి వివరములను మూడు సంవత్సరములు భద్రపరుపవలెననియు, రోగిగాని అతని తరఫువారుగాని కోరిన 72 గంటలలో వాటిని ఇయ్యవలెననియు 2002 నియమావళియందు కలదు. మందుల చీటీ అర్థమగునట్లు, వీలైనంతవరకు పెద్ద అక్షరములతో వ్రాయవలెననియు 2016 లో చేర్చిరి. అడుగునపుడు నోటి మాటగా గాక, రెండు ప్రతులుగ కాగితము వ్రాసి, ఒకదానిపై ఆసుపత్రి ముద్ర వేయించుకొనవలెను. స్కానింగు ఫిల్ములు, రక్తపరీక్షల చీటీలు, రసీదులు, సమ్మతి పత్రపు నకలు, ఇంటికి పంపునపుడు ఇచ్చు కాగితము, వీటినన్నిటిని ఒక సంచిలో వేసి పట్టాదారు పాసుపుస్తకమును దాచునంత భద్రముగ దాచవలెను. తీసిన గర్భసంచి ముక్కను పరీక్షకు పంపిరా, ఆ పరీక్షలో ఏమి తేలినది అను ప్రశ్న మరవరాదు. సంచి నిజముగ చెడిపోయినదో లేదో ఆ చీటీయే చెప్పును.

పేరుగొన్న సంస్థయైనను ప్రశ్నకు అతీతము కాదు. 1990 లో 20 ఏండ్ల ఇంజనీరింగు విద్యార్థి ఒకడు ఛాతిలో గడ్డతో హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో చేరెను. గడ్డ ఎట్టిదో తెలిసికొనుటకు ముక్క తీయుదుమని సమ్మతి తీసికొని, గడ్డనంతను తొలగించిరి. గడ్డ వెన్నెముకను తాకియున్నను నాడీశస్త్ర వైద్యుని పిలువలేదు. అతడు మత్తునుండి లేచుసరికి నడుము క్రింది భాగము చచ్చుపడిపోయినది. జాతీయ కమీషను 1999 లో 15 లక్షల 50 వేల రూపాయలు ఇప్పించగా, చక్రముల కుర్చీలో కూర్చుండి సుప్రీంకోర్టులో తన వాదమును తానే వినిపించుకొన్న ఆ యువకునికి 2009 మే 14 న కోటి రూపాయల పరిహారము లభించినది. పందొమ్మిది ఏండ్లు పట్టినది. "వెన్నెముకకు ముప్పు ఉన్నదా? ఆ వైద్యుడు కూడ ఉండునా?" అను ప్రశ్న ఆపరేషనుకు ముందు అతనికి తోచుటకు కూడ ఎవరైన ముప్పు సంగతి చెప్పియుండవలెను గదా. చెప్పలేదనుటయే కోర్టు కనుగొన్న దోషములలో ఒకటి.

ఊరి పెద్దల రాజీలు

ఇక పంచాయతీ సభ్యులకు నేరుగ తగులు విషయము. ఆసుపత్రిలో మనిషి చనిపోయినపుడు శవమును గుమ్మములో పెట్టి బంధువులు కూర్చుందురు. ఊరిపెద్దలకు కబురు పోవును. వారు వచ్చి లోపలి గదిలో బేరమాడి, కొంత సొమ్ము ఇప్పించి, ఫిర్యాదు లేదని వ్రాయించి, శవమును ఊరికి తరలింతురు. పేద కుటుంబమునకు ఆనాటికి అది ఆదరువే. కాని దాని ఫలితమేమి? శవపరీక్ష జరుగదు. కాగితములు ఆసుపత్రిలోనే మిగులును. తప్పు జరిగినదో లేదో ఎన్నటికిని తేలదు. నిజముగ తప్పు చేసినవాడు మరునాడు అదే పని చేయును; తప్పు చేయనివాడు అవమానపడి, కష్టమైన రోగిని చేర్చుకొనుటకే భయపడి పట్టణమునకు త్రోసివేయును. ఈ రెండింటివలన నష్టపడునది పల్లె రోగియే. కొట్లాటకు దిగినచో కుటుంబమే ముద్దాయియగును. ఆసుపత్రులపై దౌర్జన్యమును నిషేధించు రాష్ట్ర చట్టము 2008 నుండి ఉన్నది; దానిక్రింద మూడు సంవత్సరముల వరకు ఖైదు కలదు.

రోగి చనిపోయిన ప్రతిసారి వైద్యుడు దోషి కాడు. మంచి వైద్యుని చేతిలో కూడ రోగులు చనిపోవుదురు. తగిన తెలివి, తగిన జాగ్రత్త చూపిన వైద్యుని నిర్ణయము వికటించినంతమాత్రమున నిర్లక్ష్యము కాదని, క్రిమినలు కేసు పెట్టుటకు నిర్లక్ష్యము మిక్కిలి ఘోరమైనదై యుండవలెనని, అందుకు ముందు వేరొక వైద్యుని నిష్పక్షపాతాభిప్రాయము తీసికొనవలెనని 2005 ఆగస్టు 5 న సుప్రీంకోర్టు నిర్ణయించినది. కావున అనుమానము గలిగిన కుటుంబమును పోలీసుస్టేషనుకు పోవద్దనుటయు, పొమ్మని రెచ్చగొట్టుటయు రెండును తొందరపాటే. ముందు శవపరీక్ష కోరించవలెను. కాగితములు వ్రాతపూర్వకముగ అడిగించవలెను. వాటిని వేరొక వైద్యునికి చూపించవలెను. బిల్లు తగవు పేరుతో శవమును ఆపి ఉంచరాదని రోగుల హక్కుల పత్రములో ఉన్నది గనుక, అట్టి సందర్భమున సభ్యులు గట్టిగా మాట్లాడవచ్చును.

వేల్పూర్ మండలమునకు ప్రశ్నించుట క్రొత్త కాదు. 2001 లో ఈ మండలమున బడియీడు పిల్లలను పనినుండి తప్పించి బడికి పంపు ఉద్యమము జరిగినపుడు సర్పంచులు ప్రభుత్వముతో ఒప్పంద పత్రములపై సంతకములు చేసిరి. పిల్లలను పనిలో పెట్టుకొన్నవారు తలిదండ్రుల బాకీలను మాఫీ చేసిరి. "ఈ పిల్ల బడికేల రాలేదు?" అని ఒక ఊరంత కలిసి అడిగినందున అది సాధ్యమైనది, ఒక్క తల్లి అడిగిన జరిగెడిది కాదు. వైద్యుని ముందు ఒంటరిగా కూర్చున్న స్త్రీ స్థితియు ఇట్టిదే. ఆమె అడుగలేనిచో ఆమె వెంట ఆశా కార్యకర్తయో, చదువుకొన్న ఆడపడుచో ఉండవలెను. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమున ఈ విషయము చర్చింపవచ్చును. గడచిన సంవత్సరములో ఊరిలో ఎందరికి గర్భసంచి తీసిరి, వారి వయస్సులేమి, ఏ జబ్బుకు తీసిరి అని పేర్లు లేకుండ ఒక పట్టిక వ్రాసికొన్నచో, గ్రామసభలో పెట్టుటకు అంతకన్న వేరు ఉపన్యాసము అక్కరలేదు. స్త్రీల రహస్యములను బయటపెట్టరాదు గనుక ఆ పనిని స్త్రీ సభ్యులే చేయుట ఉచితము.

ఫిర్యాదు ఎచ్చట?

వైద్యుని నడవడిపై ఫిర్యాదును హైదరాబాదులోని తెలంగాణ రాష్ట్ర వైద్య మండలికి పంపవలెను. వైద్యుని పేరును పట్టికనుండి తొలగించు అధికారము దానికి కలదు గాని, పరిహారము ఇప్పించు అధికారము లేదు. ఆసుపత్రి అనుమతులు, వసతులు, అర్హత లేనివారి సంగతి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి వ్రాయవలెను. పరిహారమునకు నిజామాబాదులోని జిల్లా వినియోగదారుల కమీషను ఉన్నది. సొమ్ము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని సుప్రీంకోర్టు 1995 నవంబరు 13 న తేల్చినది. 2020 జూలై నుండి అమలులో నున్న క్రొత్త చట్టము క్రింద, చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయల లోపైనచో కమీషనుకు ఫీజు కట్టనక్కరలేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. సలహాకై 1915 అను నంబరుకు ఫోను చేయవచ్చును.

అందరికి ఉచితముగ వైద్యము చేయు ప్రభుత్వాసుపత్రి ఈ చట్టము క్రిందికి రాదు. అంతమాత్రమున దానికి బాధ్యత లేదనుకొనరాదు. ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో 1963 లో కాన్పు తరువాత కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేయించుకొన్న ఒక స్త్రీ కడుపులో గుడ్డను మరచి కుట్టివేసిరి, ఆమె మరణించినది. ఆమె కుటుంబము సివిలు కోర్టులో దావా వేయగా, ఉద్యోగుల అజాగ్రత్తకు ప్రభుత్వమే పరిహారము ఇయ్యవలెనని 1996 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

వినియోగదారుల కమీషనుకు ఫిర్యాదు చేయుటకు గడువు రెండు సంవత్సరములు. ఆసుపత్రి కాగితములను ఉంచవలసిన కాలము మూడు సంవత్సరములు. ఊరిలో ఎవరికైనను గత రెండేండ్లలో ఆపరేషన్ జరిగి, ఎందులకు జరిగినదో తెలియకున్నచో, కాగితములకై వ్రాయుటకు వారికి ఇంకను వ్యవధి ఉన్నది.